తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి? - వ్యక్తిగత గోప్యతపై ఒక పాఠం



ఆరో తరగతిలో నన్ను హాస్టల్లో చేర్చిన రోజు మా నాయన రెండు వస్తువులు కొనిచ్చాడు. ఒకటి రేకు ట్రంకు పెట్టె, రెండోది దానికి తాళం. తాళంచెవిని నా మొలతాడుకు కట్టి "ఇది ఎవ్వలకూ ఇయ్యకు బిడ్డా" అన్నాడు. ఆ పెట్టెలో ఏముంది? రెండు జతల బట్టలు, ఒక సబ్బు, అమ్మ కట్టిచ్చిన సకినాలు, ఇంట్లో అందరం కలిసి దిగిన ఒక ఫొటో. దొంగ ఎత్తుకుపోయేంత విలువైనది ఏదీ లేదు. అయినా నలభై మంది ఒకే హాలులో చాపలు పరుచుకుని పడుకునే చోట, పూర్తిగా నాది అని చెప్పుకోదగినది ఆ పెట్టె ఒక్కటే.

ఇప్పుడు నేను ఎం.ఏ. రాజనీతిశాస్త్రం చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. తరగతిలో గోప్యత హక్కు గురించి పాఠం చెప్పినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది సుప్రీంకోర్టు కాదు, ఆ ట్రంకు పెట్టె. అందుకే ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ఈ విషయాన్నే ఎంచుకున్నాను.

గోప్యత అంటే ఏమిటి?

చాలామంది గోప్యతను రహస్యం అనుకుంటారు. రెండూ ఒకటి కావు. రహస్యం అంటే ఎవరికీ చెప్పనిది. గోప్యత అంటే నా గురించిన ఏ సంగతి, ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు తెలియాలో నిర్ణయించుకునే అధికారం నా దగ్గర ఉండటం. మన జబ్బు సంగతి డాక్టరుకు మనమే చెబుతాం. ఆ డాక్టరు వెళ్ళి బస్టాండులో చెబితే మాత్రం మన గోప్యత పోయినట్టే. సంగతి అదే, మాటలు అవే. మారింది విన్న మనుషులు మాత్రమే.

"తప్పు చేయనివాడికి దాచుకోవాల్సిన అవసరం ఏముంది?" అని కొందరు అడుగుతారు. నా ట్రంకు పెట్టెలో దొంగసొత్తు లేదు. అయినా తాళం వేశాను. స్నానానికి వెళ్ళి తలుపు వేసుకునేది తప్పు చేయడానికి కాదు కదా!

అమెరికాలో శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అనే ఇద్దరు న్యాయవాదులు 1890లో హార్వర్డ్ లా రివ్యూలో గోప్యత హక్కుపై ఒక వ్యాసం రాశారు. అప్పుడప్పుడే తేలికగా ఫొటోలు తీసే కెమెరాలు వస్తున్నాయి. ఇళ్ళలోని సంగతులను అచ్చువేసి అమ్ముకునే పత్రికలు పెరుగుతున్నాయి. మనిషిని తన మానాన తనను ఉండనివ్వడాన్ని చట్టం ఒక హక్కుగా గుర్తించాలని వాళ్ళు వాదించారు. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్య సమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటనలోని 12వ అధికరణం వ్యక్తి గోప్యత, కుటుంబం, ఇల్లు, ఉత్తర ప్రత్యుత్తరాలలో ఇష్టానుసారంగా జోక్యం చేసుకోరాదని చెప్పింది.

గది లేనివాళ్ళకు గోప్యత ఉంటుందా?

ఇక్కడే మనకు సందేహం వస్తుంది. గోప్యత అనేది నాలుగు గదుల ఇల్లు ఉన్నవాళ్ళ సంగతి కదా, ఒకే హాలులో బతికే మనకు దానితో పనేమిటి అని. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఒక చిన్న సంఘటన చెబుతాను. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఆదివారాలు ఇంటి నుంచి ఫోన్లు వచ్చేవి. ఒకే సెల్లు, చుట్టూ పిల్లల వరుస. త్వరగా అయిపోవాలని స్పీకరు పెట్టి మాట్లాడించేవారు. ఒక ఆదివారం మా అమ్మ "మీ నాయనకు నెల నుంచి పని దొరుకుతలేదురా, అప్పుకు వచ్చినోళ్ళు వాకిట్లోనే కూసున్నరు" అని ఏడ్చింది. వరుసలో ఉన్న పాతిక మంది విన్నారు. ఎవరూ నవ్వలేదు. అందరి ఇళ్ళలో అవే కష్టాలు. అయినా నేను తల ఎత్తలేకపోయాను. పై వారం "ఫోనుల ఇంటి సంగతులు చెప్పకే" అని అమ్మకు చెప్పాను. ఆ తర్వాత రెండేళ్ళు మా అమ్మ నాతో "తిన్నావా, మంచిగున్నావా" అనే రెండు ముక్కలు తప్ప ఏమీ మాట్లాడలేదు.

గోప్యత పోతే ఏం పోతుందో నాకు అక్కడ తెలిసింది. మాట పోతుంది. నలుగురూ వింటారని తెలిసినప్పుడు మనిషి తన బాధను కూడా చెప్పుకోలేడు. గదులు ఉన్నవాళ్ళు గది తలుపు వేసుకుంటారు. మనకు తలుపు లేదు కాబట్టి మన గోప్యతను పక్కవాడి మర్యాద, చట్టం మాత్రమే కాపాడగలవు. కాబట్టి ఇది మనకు ఎక్కువ అవసరమైన హక్కు.

రాజ్యాంగ సభ నుంచి సుప్రీంకోర్టు దాకా

భారత రాజ్యాంగంలో గోప్యత అనే హక్కు విడిగా రాసి లేదు. అంటే ఎవరికీ ఆ ఆలోచన రాలేదని కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1947లో రాజ్యాంగ సభ కోసం తయారుచేసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' పత్రంలో ప్రజల శరీరం, ఇల్లు, కాగితాలు, వస్తువులను అకారణ సోదాల నుంచి కాపాడే హక్కును చేర్చారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ వంటివారు, నేర పరిశోధనకు అడ్డు వస్తుందని అటువంటి హక్కులను ప్రాథమిక హక్కులలో చేర్చడానికి అభ్యంతరం చెప్పారు. 1948 డిసెంబరు 3న కాజీ సయ్యద్ కరీముద్దీన్ అనే సభ్యుడు ఇదే హక్కు కోసం సవరణ తెచ్చినప్పుడు, అది ఉపయోగకరమైనదేనని, తాను అంగీకరిస్తానని అంబేడ్కర్ సభలో అన్నారు. అయినా ఓటింగులో అది వీగిపోయింది.

అంబేడ్కర్‌కు ఇది ఎందుకు ముఖ్యమనిపించిందో మనం ఊహించడం కష్టం కాదు. మన దేశంలో కొందరి ఇళ్ళకు తలుపులు ఉన్నా లేనట్టే ఉండేది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని తెగలను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసింది. 1911లో అది మద్రాసు రాజధానికి కూడా వర్తించింది. ఎరుకల వంటి కులాలవారి పేర్లు, వేలిముద్రలు రిజిస్టర్లలో ఎక్కించి హాజరు తీసుకునేవారు. నేటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం అలాంటి సెటిల్‌మెంటుగా ఏర్పడిన ఊరే. ఆ చట్టం 1952లో రద్దయింది.

కోర్టులలో ఈ హక్కు నడిచిన దారి పొడవైనది. 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను మన రాజ్యాంగంలోకి చదువుకోవడానికి ఒప్పుకోలేదు. తర్వాత వచ్చింది ఖరక్ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్‌లో ఈయనను 1941లో దోపిడీ కేసులో పట్టుకుని సాక్ష్యం లేక వదిలేశారు. కానీ పోలీసులు ఆయన పేరుతో హిస్టరీ షీటు తెరిచి, అర్ధరాత్రి తలుపు తట్టేవారు, ఎక్కడికి వెళ్ళినా వెంట ఉండేవారు. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ రాత్రి తనిఖీలను కొట్టివేసింది. కానీ గోప్యత ప్రాథమిక హక్కు కాదని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు మాత్రం, జస్టిస్ జె.సి. షాతో కలిసి, దానికి ఒప్పుకోలేదు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని, వెంట నీడలా నిఘా ఉన్నవాడు నడిచినా స్వేచ్ఛగా నడిచినట్టు కాదని ఆయన అభిప్రాయం. అప్పటికి అది ఓడిపోయిన అభిప్రాయం. 55 ఏళ్ళ తర్వాత అదే గెలిచింది.

మధ్యలో కొన్ని మెట్లు ఉన్నాయి. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఏ. చౌదరి, భార్యను ఇష్టం లేకున్నా కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించడం ఆమె గోప్యతకు భంగమని తీర్పు చెప్పారు. 1984లో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. 1996లో పి.యు.సి.ఎల్. కేసులో, ఫోను సంభాషణలు గోప్యత కిందికి వస్తాయని, ఇష్టం వచ్చినట్టు ట్యాపింగ్ చేయరాదని సుప్రీంకోర్టు నియమాలు పెట్టింది. 2004లో హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారుకు, కెనరా బ్యాంకుకు మధ్య నడిచిన కేసులో ఒక ముఖ్యమైన సంగతి తేల్చింది. గోప్యత స్థలాలది కాదు, మనుషులది. బ్యాంకుకు ఇచ్చిన కాగితం బ్యాంకు బీరువాలో ఉన్నా, దానిపై ఖాతాదారుడి గోప్యత పోదు.

తమ్ముళ్ళూ, గది లేనివాళ్ళకు గోప్యత ఉంటుందా అనే మన ప్రశ్నకు సమాధానం ఇదే. గోప్యత గోడలకు అంటుకుని ఉండదు. మనిషి ఎక్కడుంటే అక్కడ ఉంటుంది. హాస్టలు హాలులో కూడా ఉంటుంది.

చివరగా, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో ఆధార్‌పై వేసిన కేసులో, అసలు గోప్యత ప్రాథమిక హక్కేనా అనే ప్రశ్న తొమ్మిది మంది న్యాయమూర్తుల ముందుకు వచ్చింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మందీ ఏకగ్రీవంగా "అవును" అన్నారు. 21వ అధికరణంలోని జీవించే హక్కులో, స్వేచ్ఛలో అది భాగమని తేల్చారు. ప్రభుత్వం గోప్యతలో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి జోక్యం ఉండకూడదు. ఆ ధర్మాసనంలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ కూడా ఉన్నారు. అనవసరమైన అలజడి లేని ప్రశాంతత, పరుల కళ్ళు పడని ఆవరణ, సొంత జీవితంపై సొంత నిర్ణయం అనే మూడు అంశాలుగా ఆయన గోప్యతను వివరించారు. గోప్యత ఉన్నవర్గాల విలాసమనే వాదన కూడా ఆ కేసులో వచ్చింది. పేదలకు కావలసింది తిండి మాత్రమే, హక్కులు కాదు అనే ఆ ఆలోచనను జస్టిస్ డి.వై. చంద్రచూడ్ రాసిన ప్రధాన తీర్పు గట్టిగా తిరస్కరించింది.

నేను చేసిన తప్పు

ఇంత చదివిన నేను ఒక తప్పు చేశాను. అది చెప్పకుండా ఈ పాఠం పూర్తి కాదు.

డిగ్రీ రెండో సంవత్సరంలో స్కాలర్‌షిప్ మంజూరైన వారి జాబితాను కాలేజీలో ఒకరు తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో పేరు, తండ్రి పేరు, కులం, ఉపకులం, ఆదాయం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఫోను నంబరు అన్నీ ఉన్నాయి. నా పేరు చూసి సంతోషం పట్టలేక, మావాళ్ళందరికీ తెలియాలని ఆ జాబితాను వెంటనే హాస్టలు గ్రూపుకు పంపాను. దాని నుంచి మరెన్ని గ్రూపులకు వెళ్ళిందో తెలియదు.

మరునాడు తరగతిలో ఒకడు "ఏరా, మీ నాయన ఏడాది ఆదాయం ముప్పై ఆరువేలేనా?" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. మా తరగతిలో ఒక అమ్మాయికి, రోజూ ఆమె టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టి తినే స్నేహితురాలు ఉండేది. ఆ వారం నుంచి ఆ స్నేహితురాలు వేరే బెంచీకి మారింది. ఎవరూ ఏమీ అనలేదు, కానీ ఎందుకు మారిందో అందరికీ తెలుసు.

నెల తర్వాత నా రూమ్మేటుకు ఒక ఫోను వచ్చింది. అవతలివాడు అతని పేరు, తండ్రి పేరు, ఖాతా నంబరు సరిగ్గా చెప్పి, "మీ స్కాలర్‌షిప్ ఆగిపోయింది, ఓటీపీ చెబితే విడుదల చేస్తాం" అన్నాడు. ఇన్ని వివరాలు తెలిసినవాడు ఆఫీసువాడే అయ్యుంటాడని మావాడు చెప్పేశాడు. ఖాతాలో ఉన్న నాలుగు వేల రెండు వందలు పోయాయి. "నా బుద్ధి తక్కువ" అని వారం రోజులు ఎవరికీ చెప్పుకోలేదు. ఆ వివరాలు మా జాబితా నుంచే వెళ్ళాయని నేను రుజువు చేయలేను. కానీ ఆ జాబితాను ముందుకు తోసిన చేతుల్లో నా చెయ్యి కూడా ఒకటి. అతనికి ఆ మాట చెప్పి క్షమాపణ అడగడానికి నాకు మూడు నెలలు పట్టింది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నా కులం గురించి నాకు సిగ్గు లేదు. ఏప్రిల్ 14న వీధిలో జెండా పట్టుకుని నడిచినవాణ్ణి. సిగ్గుపడి దాచుకోవడం వేరు, నా సంగతి నా చేతిలో ఉంచుకోవడం వేరు. పట్నంలో అద్దెకు గది అడిగితే "ఇంటిపేరేంటి బాబూ?" అని అడుగుతారు. ఆ ప్రశ్న దేనికో మనకు తెలుసు. మన కులం మనం గర్వంగా చెప్పుకుంటే అది ఆత్మగౌరవం. మన నుంచి లాగి మన మీదే వాడితే అది వివక్ష.

చట్టం ఏమంటోంది?

స్కాలర్‌షిప్ కావాలంటే కులం, ఆదాయం చెప్పకుండా కుదరదు. ఇవ్వడం తప్పు కాదు. ఏ పని కోసం ఇచ్చామో ఆ పనికే వాడాలి, అంతే.

2018 సెప్టెంబరు 26న ఆధార్ కేసులో సుప్రీంకోర్టు సంక్షేమ పథకాలకు ఆధార్‌ను సమర్థించింది. కానీ బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి కాదని చెప్పింది. ఆధార్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఎవరి ఆధార్ నంబరునూ బహిరంగంగా ప్రకటించడం, అంటించడం కుదరదు. నియమాలలో చెప్పిన సందర్భాలు మాత్రమే దీనికి మినహాయింపు. అంటే నోటీసు బోర్డు మీద ఆధార్ నంబర్లతో జాబితా అంటించడం చట్టానికి విరుద్ధం.

2023 ఆగస్టులో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. సంస్థలపై ఉండే ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమలయ్యేలా గడువు పెట్టారు. చెప్పిన పనికి మాత్రమే సమాచారం తీసుకోవడం, తప్పులుంటే సరిదిద్దడం, 18 ఏళ్ళలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తీసుకోవడం ఇందులో ఉన్నాయి. సమాచారాన్ని కాపాడలేకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. అయితే రాయితీలు, ధ్రువపత్రాల వంటి వాటి కోసం ప్రభుత్వం అనుమతి లేకుండానే సమాచారం వాడుకునే వీలును కూడా ఈ చట్టం ఇచ్చింది. మన సమాచారం ఎక్కువగా ఉండేది ప్రభుత్వ కార్యాలయాల్లోనే కాబట్టి ఈ సంగతి మనం గమనించాలి.

గోప్యత పేరుతో దాచకూడనివి

ప్రతి హక్కునూ దుర్వినియోగం చేసేవాళ్ళు ఉంటారు. "మా ఇంటి సంగతి" అంటూ భార్యను కొట్టేవాడు గోప్యతను అడ్డు పెట్టుకోలేడు. హాస్టల్లో ర్యాగింగ్ జరిగినా, పిల్లలపై వేధింపు జరిగినా అది దాచాల్సిన విషయం కాదు. బాధితుల పేరు మాత్రం దాచాలి.

అలాగే హాస్టలు బియ్యం, కూరగాయల బిల్లులు ఎవరి వ్యక్తిగత విషయాలూ కావు. 2005 నాటి సమాచార హక్కు చట్టంతో వాటిని అడగవచ్చు. 2023 చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చి, వ్యక్తిగత సమాచారం పేరుతో నిరాకరించే వీలును పెంచిందని సమాచార హక్కు కార్యకర్తలు విమర్శిస్తున్నారు. ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చనే 8(2) సెక్షన్ అలాగే ఉందని ప్రభుత్వం అంటోంది. బలహీనుడికి కవచంగా ఉండాల్సిన గోప్యత బలవంతుడికి ముసుగు కాకూడదు.

మనం చేయగలిగినవి

1. జిరాక్సు ఇచ్చేటప్పుడు దాని మీద ఏ పనికో, ఏ తేదీనో అడ్డంగా రాసి సంతకం చేయండి. నంబరు అవసరం లేనిచోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

2. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. మీ పేరు, ఖాతా నంబరు తెలిసినంత మాత్రాన అవతలివాడు అధికారి కాడు. డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయండి.

3. స్కాలర్‌షిప్ జాబితాలు దరఖాస్తు నంబరుతో మాత్రమే ప్రకటించమని మర్యాదగా అడగండి. ఒకరు అడిగితే కోపం రావచ్చు, పది మంది సంతకాలతో అడిగితే వింటారు.

4. ఒకరి ఫొటో పంపే ముందు వాళ్ళను అడగండి. అనుమతి లేకుండా ఎవరి రహస్య శరీర భాగాలనైనా ఫొటో తీసినా, పంపినా సమాచార సాంకేతిక చట్టం 66ఇ సెక్షన్ ప్రకారం మూడేళ్ళ వరకు జైలు గానీ, రెండు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. చెల్లెళ్ళూ, అలాంటిది జరిగితే అది మీ తప్పు కాదు. భయపడి దాచకండి.

5. పక్కవాడు ఇంటికి ఫోను చేస్తుంటే పది అడుగులు దూరం జరగండి. అతని డైరీ, అతని పెట్టె, అతని మందుల చీటీ ముట్టుకోకండి. దీనికి ఏ చట్టమూ అక్కరలేదు.

ముగింపు

మా చెల్లె ఇప్పుడు గురుకులంలో చదువుతోంది. నా ట్రంకు పెట్టె ఆమె దగ్గరే ఉంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు పెట్టెకు తాళం వేసి ఉంది. ఏముందో చూద్దామని చెయ్యి ముందుకు పోయింది. ఆగి, ఊరుకున్నాను. ఆమె అది చూసి తానే తాళం తీసి, తనకు వచ్చిన వ్యాసరచన బహుమతి చూపించింది.

మనం గౌరవిస్తే మనుషులు తమంతట తామే తలుపు తెరుస్తారు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మన పెద్దలకు తాళం వేసుకునే పెట్టె కూడా ఉండేది కాదు. మనకు పెట్టె ఉంది, చదువు ఉంది, రాజ్యాంగం ఇచ్చిన హక్కు ఉంది. మన తాళంచెవిని మన దగ్గర ఉంచుకుందాం. పక్కవాడి తాళంచెవిని అతని దగ్గరే ఉండనిద్దాం.

- ఎం.ఏ. (రాజనీతిశాస్త్రం) విద్యార్థి, హాస్టలు పూర్వ విద్యార్థి